రెండు పేజీలకు మించకుండా

పంచాయతీకి నూరేళ్లట.
ఊరి చరిత్ర రాసిమ్మన్నారు,
రెండు పేజీలకు మించకుండా.
మూడో పేజీలో విరాళాలిచ్చినవాళ్ల ఫోటోలుంటాయి.

ఎక్కడ మొదలుపెట్టను?
పేరులోనే వలస ఉన్న ఊరు, ఇప్పవలస.
ఎవరో ఎక్కణ్నుంచో నడిచొచ్చి
నాగావళి ఒడ్డున నెత్తిమీది కుండ దించారు.
ఇక్కడే ఎందుకు దించారని దాలమ్మనడిగాను.
"కాల్లు నొప్పెట్టీసుంటాయి, ఇంకేటి"
అని చోడి అంబలి కలుపుకుంది.
దొరికిన ఆధారాలన్నిటిలో
నమ్మదగ్గది అదొక్కటే.

కరణాల కాగితాల్లో ఊరు వేరేలా ఉంది:
శిస్తు, జమాబందీ, రేవు పాట.
పాటంటే వేలం.
ముప్పయ్యేళ్లు ఆ పాట పాడుకున్న ఇల్లు
ఒక్కనాడూ తెడ్డు పట్టలేదు.
పట్టినవాడు గురువులు.
పేరు గురువులు, చేసేది వేలిముద్ర.
పెళ్లికూతుళ్లను దాటించాడు, గోగు మోపులను,
టూరింగు టాకీసు రీలు పెట్టెలను,
పదో తరగతి ప్రశ్నపత్రాలను
సీలు తడవకుండా, నెత్తిన పెట్టుకుని.
ఎవరు ఏ చెక్కమీద కూర్చోవాలో
పడవకి కంఠతా వచ్చు.
అది ఏ కాగితంలోనూ లేదు.

బదిలీ మీద వచ్చిన కొత్తలో
నేనూ ముక్కుకి రుమాలు కట్టుకున్నాను.
కార్తీకమంతా ఏట్లో గోగు కుళ్లే కంపు.
"మేస్టారూ, అది కంపు కాదు, కూలి"
అన్నాడు వెనక బెంచీ తవిటినాయుడు.
రుమాలు విప్పేశాను.
ముప్పయ్యొక్కేళ్లయింది.

ఆ నారంతా జూట్ మిల్లుకి పోయేది.
మిల్లు రోజుకి మూడుసార్లు కూసేది.
అడ్మిషన్ రిజిస్టరు రాస్తూ
"ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే
"రెండో కూతకి ముందరండి" అనేవారు తల్లులు.
తిథీ లేదు, తేదీ లేదు.
తేదీలు నేనే వేశాను.
ఈ ఊళ్లో సగం మంది
జూన్ ఒకటిన పుట్టింది అందుకే.

గేటుకి లాకౌట్ కాగితం అంటించిన పొద్దున్న
చదవడం వచ్చినవాళ్లు గబగబా చదివేసి
రానివాళ్ల వైపు చూడకుండా వెళ్లిపోయారు.
కూత లేకపోయినా
దాలమ్మ కోడలు చాన్నాళ్లు అదే వేళకి లేచి
పొయ్యి ముట్టించేది.
ముట్టించాక గుర్తొచ్చేది.

ఏటి సంగతి రాయాలి.
మిల్లు గోడౌను గోడమీద మేకుతో గీసిన గీతలున్నాయి.
ఏరొచ్చినప్పుడల్లా ఒకటి.
సంవత్సరాలు కాదు, వాటికి పేర్లే:
పెద్దోడు పుట్టిన ఏరు,
గేదెలు పోయిన ఏరు,
కలెక్టరు జీపు మునిగిన ఏరు.
అన్నిటికంటే పై గీతకి పేరు లేదు.
ఆ ఏరు నాలుగు రాత్రులుంది.
ఊరంతా గోడౌను అటక మీద,
నార బేళ్ల మీద పడుకుంది.
పారమ్మ ఒక్క డేగిసాలో గంజి కాచింది.
ఆ బియ్యం ఎవరివి, ఆ చెయ్యి ఎవరిది,
ఎవరిది ఏ చెక్క,
నాలుగు రాత్రులూ ఎవరూ అడగలేదు.

ఐదోనాడు నీళ్లు తీశాయి.
అడిగారు.

తర్వాత వంతెన.
రిబ్బను కత్తిరించాక జనంతోపాటు
గురువులూ నడిచాడు, చేతులు ఊరికే ఊపుకుంటూ.
నడిమధ్యన ఆగి కిందికి చూశాడు.
"ఇంత సిన్నదేటి ఏరు!"
ఇంకేమీ అనలేదు.
పడవ బోర్లా పడుకుంది, కోళ్లగూడయింది.
ఇప్పుడు బస్సులు ఊరిమీంచి పోతాయి,
ఊళ్లోకి రావు.

ఇక్కడికి పేజీన్నర.
పండక్కని గోడౌనుకి సున్నం వేయిస్తున్నారు.
నిచ్చెన మీంచి గురువులు మనవడు అడిగాడు:
"గీతలు కప్పీమంటారా, ఉంచీమంటారా మేస్టారూ?"
ప్రెసిడెంటు గారు కప్పేయమనే చెప్పారు,
నాకు తెలుసు, వాడికీ తెలుసు.

దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చాను.
కింది కొస వాడు తొక్కిపట్టాడు,
పై కొస నేను.
మిగిలిన సగం పేజీలో ఇంతే రాస్తున్నాను:
పేరులేని ఏరు,
నేలనుంచి ఏడడుగుల రెండంగుళాలు.
దాలమ్మ ఇంటి చూరు, ఆరు.